వదినతో మాట్లాడే దేవుడు

మా అన్న పెళ్లి చేసుకుని వదినను సూర్యాపేటకు తీసుకొచ్చిన మరునాడు, తెల్లవారుతుండగా వంటింట్లో మాటలు వినిపించి నాకు మెలకువ వచ్చింది. కొత్త కోడలు అప్పుడే అన్నతో ముచ్చట్లు పెట్టిందే అని నవ్వుకున్నాను. లేచి చూస్తే అన్న అరుగు మీద ముసుగు తన్ని నిద్రపోతున్నాడు. వదిన ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఊదుగొట్టం పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మాట్లాడుతోంది.

"కట్టెలన్నీ తడిసినయ్ నాయనా. అత్తగారింట్లో మొదటిరోజే ఇల్లంతా పొగబెట్టానంటే ఏమనుకుంటారు? కాస్త అంటుకునేట్టు చూడు."

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆమె దేవుడితో మాట్లాడుతోందని తెలిసి గడప దగ్గరే నిలబడిపోయాను. కట్టెలు అంటుకున్నాయో లేదో గుర్తు లేదు కానీ, నా కడుపులో మంట మాత్రం ఆ పొద్దున్నే రాజుకుంది.

అప్పుడు నాకు పదిహేడో పద్దెనిమిదో ఏళ్లుంటాయి. నాన్న మిషను బడిలో పంతులు. అన్న మిషను దవాఖానలో కంపౌండరు. నేను బోర్డింగులో చదువు ముగించుకుని వచ్చి, నాన్న బడిలోనే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. తాతల కాలం నుంచీ మాది క్రైస్తవ కుటుంబం. రోజూ దీపం పెట్టగానే ఇంట్లో ప్రార్థన జరిగేది. నాన్న వాక్యం చదివేవాడు, నేను కీర్తన ఎత్తుకునేదాన్ని, చివరి ప్రార్థన కూడా నాదే. నా ప్రార్థనకు మా సంఘంలో మంచి పేరుండేది. పెద్ద పెద్ద మాటలు ఒకదాని వెనక ఒకటి తడబడకుండా పలికేదాన్ని. మిషను దొరసాని కూడా ఒకసారి నా భుజం తట్టింది.

వదిన మాటలు విన్నాక నా ప్రార్థన నాకే తహసీల్దారుకు పెట్టుకున్న అర్జీలా తోచింది. ఆమెది అలా కాదు. సంతకు పోతున్న నాన్న తువ్వాలు పట్టుకుని లాగే పిల్ల మాటలా ఉండేది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎవరికి వారే పెరిగి పెద్దయ్యాక, మనసులో నమ్మకం కుదిరి, నాకు కావాలని అడగాలి. నా ఈడు పిల్లలంతా అప్పటికే నీళ్లలో మునిగి వచ్చారు. నేను మాత్రం మిగిలిపోయాను. నాన్న అడిగినప్పుడల్లా తరవాత చూద్దాం అనేదాన్ని. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. సాక్ష్యం చెప్పేవాళ్లంతా దేవుడు నాతో మాట్లాడాడు అనేవాళ్లు. నాతో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. పిలవని పేరంటానికి ఎలా పోను? ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఏళ్లుగా కూర్చున్నాను. అలాంటిది దేవుడు మా ఇంటికే వచ్చి, నన్ను దాటుకుని, నిన్నగాక మొన్న వచ్చిన కోదాడ పిల్లతో వంటింట్లో కబుర్లాడుతున్నాడు!

కొద్ది నెలల్లోనే వదిన సంగతి వాడకంతా తెలిసింది. ఎవరింట్లో బిడ్డకు జ్వరమొచ్చినా, ఎవరి కొడుకు కూలికి పోయి తిరిగి రాకపోయినా ఆమె కోసమే వచ్చేవాళ్లు. ఆ రోజుల్లో కబురు తెలియని కొడుకులు, భర్తలు చాలామందే ఉన్నారు. రజాకార్ల భయానికి పొద్దుగుంకితే తలుపులు మూసుకునే కాలం అది. ఇదివరకు వాళ్లంతా నన్ను పిలిచేవాళ్లు. ఇప్పుడు నేను తలుపు తీస్తే, "మీ వదిన లేదా బిడ్డా?" అని నా భుజం మీదుగా లోపలికి చూసేవాళ్లు.

సరే, ఆమెకు సాధ్యమైంది నాకెందుకు కాదు అనుకున్నాను. పంతం పట్టాను. ఆమె కంటే ముందే లేచి మోకరించాను. తల చాప మీద ఆనగానే నిద్రపోయాను. ఉపవాసం పట్టాను. రెండో పూటకే బడిలో పిల్లల ముందు కళ్లు తిరిగి పడ్డాను. అమ్మ నన్ను లేపి కూర్చోబెట్టి, గటక కలిపి తాగించింది. ఇట్లా కడుపు మాడ్చుకుంటే దేవుడు సంతోషపడతాడా, ఆయనకు ఇంకో రోగిష్టి ఎందుకు అని గొణిగింది. ఆఖరికి వదిన లాగే మాట్లాడి చూద్దామని, బావి దగ్గర ఎవరూ లేని సమయం చూసి, "నాయనా, ఈ తాడు చేతులు కోస్తోంది" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. వెనకాల బిందెతో వచ్చిన పక్కింటి ముసలామె, పిల్లకు గాలి సోకిందేమో చూసుకొమ్మని అమ్మతో చెప్పిపోయింది.

ఇక ఆగలేక ఒకరోజు బియ్యం చెరుగుతుంటే వదిననే అడిగేశాను.

"నీకు ఆయన మాట ఎట్ల వినవడతది వదినా?"

వదిన చేట ఆపి నా వైపు వింతగా చూసింది. "నాకేం వినపడదు పిల్లా. నేనే మాట్లాడతా," అంది.

నేను నమ్మలేదు. చెబితే నాకూ దక్కుతుందేమోనని దాస్తోందనుకున్నాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు అది కూడా తెలిసినట్టు లేదు. ఎప్పటిలాగే నాకు తల దువ్వింది.

ఆ ఏడాది వానలు వెనకబట్టే వేళకు యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్లు పోయారు. దారులు తెరుచుకున్నాయి. నూర్పిళ్లు అయ్యాక మిర్యాలగూడలో సభలు పెడుతున్నారని కబురు వచ్చింది. రెండు మూడేళ్లుగా ఎక్కడివాళ్లు అక్కడే బిక్కుబిక్కుమని బతికాక, చుట్టుపక్కల సంఘాలన్నీ మొదటిసారి ఒకచోట కలవబోతున్నాయి. ఆడవాళ్ల కూడికలో ప్రార్థన నడిపించమని వదినను అడిగారు. ముందు కోదాడ వెళ్లి, మంచంలో ఉన్న తల్లిని చూసుకుని, అక్కడివాళ్లతో కలిసి బండ్లలో మిర్యాలగూడ పోవాలని ఆమె అనుకుంది. అన్నకు దవాఖానలో సెలవు దొరకలేదు. తోడుగా నేను పోతానన్నాను. ఆమె మీద ప్రేమతో కాదు. అంత దగ్గరగా కొన్నాళ్లు ఉంటే ఆ రహస్యమేదో చేజిక్కించుకోవచ్చని.

ఆ ప్రయాణం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. వెనక డబ్బాలో బొగ్గులు కాలుతుంటే, ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లు దిగి తోసేవాళ్లు. సూర్యాపేట దాటి నేను ఎన్నడూ అంత దూరం తూర్పుకు పోలేదు. అన్న పెళ్లికి కూడా, దారులు మంచివి కావని నన్ను ఇంట్లోనే ఉంచి పోయారు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. మునగాల దగ్గర కోసిన వరిమళ్లు, గడ్డి కుప్పలు, ఆ పక్కనే రోడ్డు వెంట మిలట్రీ లారీలు. వదిన కూడా చిన్నపిల్లలా నా మోచేయి పట్టుకుని అదిగో అదిగో అని చూపించింది. కోదాడ చేరేసరికి ఇద్దరి ముఖాలూ మసికొట్టుకుపోయాయి. ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వాం.

ఇంట్లో అడుగు పెట్టగానే నా నవ్వు ఆగిపోయింది. వదిన తల్లికి పక్షవాతం అని తెలుసు. ఇంతని తెలియదు. కుడి వైపంతా పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. కూతురిని చూసి ఆ తల్లి నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లు మాత్రం ధారగా కారాయి. ఏళ్ల తరబడి అలాగే ఉందట. వదిన పెళ్లికి ముందు నుంచీ.

మధ్యాహ్నం ఆ ముసలామెకు గంజి కాచి తెస్తానని దొడ్లోకి పోయిన వదిన ఎంతకీ రాకపోతే నేనూ వెళ్లాను. గడ్డివాము అవతల ఆమె గొంతు వినిపించింది. ఇదే సమయం, ఆ రహస్యం ఇప్పుడు తెలుస్తుందని వాము పక్కన నిలబడిపోయాను. కానీ అది నేను ఎప్పుడూ వినే గొంతు కాదు.

"నేనేమన్నా రాజ్యం అడిగానా నిన్ను? మా అమ్మ నోటి నుంచి ఒక్క మాట అడిగాను. పెళ్లయి పోతుంటే నన్ను పోయిరా అని కూడా అనలేకపోయింది. ఊళ్లోవాళ్ల బిడ్డలకోసం అడిగితే ఇస్తావు. నా తల్లి కోసం అడిగితే ఎటు పోతావు? వింటున్నావా అసలు?"

ఏడుస్తోంది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. దేవుడితో అలా కొట్లాడవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. కాసేపటికి ఏడుపు సన్నగిల్లింది. ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. ఆ తరవాత మామూలు గొంతుతో, "సరే, గంజి చల్లారిపోతోంది. పోతున్నా. మళ్లీ వస్తా," అంది.

వాము చుట్టి వచ్చేసరికి ఎదురుగా నేనున్నాను. ఆమె కోప్పడలేదు. విన్నావా అని మాత్రం అడిగింది. విన్నానని తల ఊపాను.

"నీకు జవాబు రాదా వదినా?" అన్నాను.

"ఎప్పుడన్నా వస్తుంది. చాలాసార్లు రాదు."

"మరి ఎందుకు మాట్లాడతవ్?"

"ఉన్నాడు కాబట్టే కదా పిల్లా ఇంత కోపం. లేనోడి మీద ఎవరికన్నా కోపం వస్తుందా?"

అలా అని గంజి గిన్నె అందుకుని లోపలికి పోయింది. నేను అక్కడే నిలబడ్డాను. ఇన్నాళ్లూ ఆమెకు దేవుడు అడిగినదల్లా ఇస్తున్నాడని, చెవిలో ఊసులు చెబుతున్నాడని కుళ్లుకున్నాను. ఆమెకూ జవాబు లేదు. నాకు లేనట్టే. తేడా ఒక్కటే. జవాబు రాలేదని నేను నోరు మూసుకుని అలిగి కూర్చున్నాను. ఆమె రోజూ పోయి తలుపు కొడుతోంది, తిడుతోంది, మళ్లీ వస్తానని చెప్పి వస్తోంది. అయితే నేను కూడా పోవచ్చు! పిలుపు అక్కర్లేదు! ఈ మాట తోచగానే దొడ్లో అటూ ఇటూ తిరిగాను. కూర్చోలేకపోయాను. కట్టేసిన దూడ కూడా నన్ను చూసి బెదిరింది.

మరునాటికి ముసలామెకు జ్వరం తగిలింది. వదిన ప్రయాణం మానుకుంది. బండ్లు కట్టే వేళకు నన్ను పిలిచి, తన బదులు నువ్వు పోయి ప్రార్థన నడిపించు అంది. ఇదివరకైతే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు చేతకాదని ఏడుపు మొహం పెట్టాను. ఆమె నా చేతిలో సద్దిమూట పెట్టి బండి ఎక్కించింది.

కోదాడ పాస్టరుగారి బండి ముందు, మిగతావి వెనక. హుజూర్‌నగర్ దారిలో కీర్తనలే కీర్తనలు. ఒక బండిలోవాళ్లు ఒక చరణం పాడితే వెనక బండివాళ్లు అందుకునేవాళ్లు. ఎన్నాళ్లకో గొంతెత్తి పాడుకుంటూ పోతున్న జనం! దారిలో ఒకచోట సిపాయిలు తుపాకులు అడ్డం పెట్టి బండ్లు ఆపారు. ఒక్కసారిగా పాట ఆగిపోయింది. వాళ్ల భాష మాకు రాదు, మా భాష వాళ్లకు రాదు. పాస్టరుగారు వచ్చీరాని ఉర్దూలో ఏదో చెప్పారు. అందులో ఒక సిపాయి పాడండి అన్నట్టు చేయి ఊపాడు. భయం భయంగా మళ్లీ ఎత్తుకున్నాం. ఆ సిపాయి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ రాగం అతనికి తెలుసు! మాటలు తనవి, రాగం మాది. పాట అయ్యేదాకా మాతో కలిసి పాడి, దారి ఇచ్చాడు. ఎక్కడి మనిషో, ఏ భాషో. ఇదివరకైతే ఇతనికి కూడా దేవుడు నాకంటే దగ్గరే అని కుమిలిపోయేదాన్ని. ఆ రోజు నాకు ఆ తలపే రాలేదు. రాలేదని చాలా దూరం పోయాక గమనించి ఆశ్చర్యపోయాను.

మిర్యాలగూడలో బియ్యం మిల్లుల అవతల బీడుభూమిలో తాటాకు పందిరి వేశారు. నిడమనూరు వైపు నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చినవాళ్లు, ఎక్కడెక్కడి పల్లెలవాళ్లో. ఆ పందిరి కింద మొదటి పూటంతా ప్రసంగమే సాగలేదు. బతికున్నావా అక్కా, బతికున్నావా తమ్ముడా అని ఒకరినొకరు పట్టుకుని ఏడవడం, నవ్వడం. పాస్టర్లు కూడా కాసేపు చూసి, వాళ్లే దిగి వచ్చి కలిసిపోయారు.

మరునాడు పొద్దున ఆడవాళ్ల కూడిక. నన్ను పిలిచారు. లేచి నిలబడి కళ్లు మూసుకుని, అలవాటు చొప్పున పెద్ద మాటలతో మొదలుపెట్టాను. ఒక వాక్యం పూర్తయింది. రెండోది రాలేదు. మరచిపోయి కాదు. ఆ మాటల నిండా నేనే ఉన్నానని తెలిసి ఆపేశాను. ఎవరో దగ్గారు. అప్పుడు ఆ ముసలామె తెరిచిన నోరు కళ్ల ముందుకొచ్చింది.

"నాయనా, నీతోని మాట్లాడుడు నాకు రాదు," అన్నాను. "కోదాడల మా వదినోళ్ల అమ్మ ఉన్నది. ఆమెకు మాట పోయింది. మా వదిన అడిగి అడిగి అలిసింది. ఇయ్యాల ఆమె బదులు నేనడుగుతున్న. నువ్వియ్యకుంటె రేపు మళ్లొస్త."

అంతే. ఇంకేమీ లేదు. ఆమేన్ అనడం కూడా మరచిపోయాను. నా పక్కనున్న ఒకామె ఏడుస్తూ, నా కొడుకు ఏడున్నడో చెప్పు నాయనా అని మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ తరవాత ఎవరిది ఎవరు అడుగుతున్నారో తెలియకుండా పందిరి మొత్తం గొల్లుమంది. తాటాకుల మీద వడగళ్లు పడ్డట్టు ఆ ధ్వని. నేను మధ్యలో నిలబడి పక్కామె కొడుకు కోసం అడుగుతున్నాను, ఆ వెనకామె భర్త కోసం అడుగుతున్నాను. నాతో ఎవరూ మాట్లాడలేదు. ఏ స్వరమూ వినబడలేదు. కానీ నా మాటలు ఖాళీలోకి పోవడం లేదని, ఎవరో వింటున్నారని, నా చేయి నాదని ఎంత తెలుసో అంత తెలిసింది.

కూడిక కాగానే పరుగెత్తుకుంటూ కోదాడ పాస్టరుగారి దగ్గరికి పోయి బాప్తిస్మం కావాలన్నాను. ఆయన నీళ్లు తాగుతున్న చెంబు దించి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగారు. దేవుడు నీతో మాట్లాడాడా అమ్మా అని.

"లేదయ్యగారూ. నేను మాట్లాడిన," అన్నాను.

ఎక్కడ తీసుకుంటావన్నారు ఆయన. కోదాడ దగ్గర పాలేరు వాగులో, మా వదిన ముందర అన్నాను. ఆయన ఫక్కున నవ్వారు. సరేనన్నారు.

సభలు ముగిసి కోదాడ తిరిగి వచ్చేసరికి ముసలామెకు జ్వరం తగ్గింది. మాట రాలేదు. నేను చెప్పిందంతా విని వదిన నన్ను కౌగలించుకుని ఎత్తి తిప్పింది. తల్లిని కూడా తీసుకుపోదామంది. బండిలో గడ్డి వేసి, బొంత పరిచి, ముసలామెను పడుకోబెట్టాం. సంఘమంతా పాడుకుంటూ వెనక నడిచింది. వాగు ఒడ్డున బండి నిలిపి, ఆమెకు కనబడేలా తల కింద మూటలు పెట్టారు.

శీతాకాలం నీళ్లు. అడుగు పెట్టగానే పళ్లు టకటకలాడాయి. పాస్టరుగారు నడుములోతు మడుగులో నిలబడి రమ్మంటున్నారు. నాకు చలీ భయమూ కలిసి నవ్వొస్తోంది. ఆయన చేయి నా వీపు వెనక పెట్టి వెనక్కి ముంచారు. చెవుల్లో నీళ్లు, కళ్ల మీద పచ్చటి వెలుగు, అంతలోనే పైకి లేచాను. ఒడ్డు మీద పాట మిన్నంటుతోంది. నీళ్లు కారుతూ బండి దగ్గరికి పోతే, ముసలామె బాగున్న ఎడమ చేత్తో నా తడి కొంగు పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. వదిన మా ఇద్దరినీ చూస్తూ, నవ్వుతూ ఏడుస్తూ, పక్కకు తిరిగి ఆయనతో ఏదో చెప్పుకుంది. ఏం చెప్పిందో వినాలని నాకు అనిపించలేదు. నా మాటలు నాకు ఉన్నాయి.

ఆ ముసలామెకు మాట రానే లేదు. తొలకరికి ముందే కన్నుమూసింది. వదిన సూర్యాపేటకు తిరిగి వచ్చాక కొన్ని వారాలు ఆయనతో మాట్లాడటమే మానేసింది. ఆ వారాల్లో ఆమె బదులు నేను అడిగాను, కోప్పడ్డాను, మళ్లీ వస్తానన్నాను. ఒకరోజు నేను ప్రార్థిస్తుంటే మధ్యలో, "అట్లా కాదు పిల్లా, ఆయనకు తెలిసిందే మళ్లీ చెబుతావేం," అంటూ తనే అందుకుంది. ఈర్ష్య నాలో చచ్చిపోయిందని చెప్పను. ఎవరైనా దేవుడితో చనువుగా మాట్లాడటం వింటే ఈనాటికీ చురుక్కుమంటుంది. అయితే ఇప్పుడు ఆ చురుక్కు నన్ను అలిగి కూర్చోనివ్వదు, లేపి నిలబెడుతుంది.

కానీ పాలేరు నుంచి వచ్చిన మరునాడు, సూర్యాపేట బస్సులో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఇవేవీ నాకు తెలియవు. వదిన తన తల్లి దగ్గరే ఉండిపోయింది. నా పక్కన ఒక షావుకారు భార్య, నన్ను చూసి మూట కాస్త తన వైపు లాక్కుని కూర్చుంది. మునగాల దాకా ఓపిక పట్టి, ఇక ఉండలేక, నీలో నువ్వే నవ్వుతున్నవ్, ఏం ముచ్చట బిడ్డా అని అడిగింది. అడగడమే ఆలస్యం. మొదలుపెట్టాను. ఎత్తు దగ్గర బస్సు ఆగింది, మగవాళ్లు దిగి తోశారు, మళ్లీ కదిలింది, నేను చెబుతూనే ఉన్నాను. ఆమె ఎప్పుడో మూట కాళ్ల కిందికి తోసేసి నా వైపు తిరిగి కూర్చుంది. సూర్యాపేటలో బస్సు ఆగి అందరూ దిగుతుంటే ఆమె లేవలేదు. "ఆ ముసలామె నీ కొంగు పట్టుకున్నదంటివి," అంది. "అటెన్క?"